మన బియ్యం బండి రాత్రి ఎక్కడికో వెళ్లి వచ్చింది

నల్లగొండలో మా దుకాణం నుంచి బియ్యం తీసుకునే అందరికీ నమస్కారం. బస్తాలు ఆలస్యంగా వస్తున్నాయని, అవి కూడా అద్దె ఆటోలో వస్తున్నాయని చాలామంది అడిగారు. బండికి ఏ రిపేరూ లేదు. నేనే పక్కన పెట్టాను. ఎందుకో మీకు ఆ నోటా ఈ నోటా తెలియడం నాకు ఇష్టం లేదు.

మిర్యాలగూడలో లోడు ఉందంటే మన బండి ముందు రోజు సాయంత్రమే ఖాళీగా వెళ్లి మిల్లు ఆవరణలో ఆగుతుంది. లోడింగుకు బండిని జరపాల్సి వస్తుంది కాబట్టి తాళం గేటు దగ్గర ఇవ్వాలన్నది వాళ్ల నియమం. ఆ రోజు పొద్దున డ్రైవర్ వెళ్లేసరికి టార్పాలిన్ తాడు ముడి మారిపోయి ఉంది. అతను ఎప్పుడూ వేసేది జారుముడి, అక్కడున్నది పీటముడి. పక్క అద్దం పైకి తిరిగి ఉంది. మీటరు చూస్తే, సాయంత్రం తన పుస్తకంలో రాసుకున్న అంకె కంటే యాభై కిలోమీటర్లు ఎక్కువే. ఇంచుమించు వాడపల్లి దగ్గరి ఆంధ్ర సరిహద్దు దాకా వెళ్లి వచ్చేంత దూరం. అటే వెళ్లిందని నేను అనడం లేదు.

అతను లోడు ఎక్కించుకోకుండా ఖాళీ బండితో వచ్చేశాడు. అడుగు రేకుకూ పక్క పలకకూ మధ్య సందులో చీపురుపుల్లతో గీకితే గుప్పెడు బియ్యం రాలాయి. పళ్లెంలో పోసి చూశాను. మనం ఎక్కించేవి సాంబ మసూరి, హెచ్ఎంటీ, జై శ్రీరాం. అన్నీ సన్నాలే. పళ్లెంలో ఉన్నవి దొడ్డు బియ్యం. వాటి మధ్య అక్కడక్కడా మసకగా, అచ్చులో పోసినట్టు ఒకే తీరున ఉన్న గింజలు. ప్లాస్టిక్ బియ్యమని భయపడి మీలో కొందరు నాకు తెచ్చి చూపించినవి అవే. ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి గింజలుగా చేసి, రేషన్ బియ్యంలో వంద పాళ్లకు ఒక పాలు చొప్పున కలుపుతూ వచ్చారు. మన బండిలో వాటికేం పని?

మిల్లు వాళ్లను అడిగాను. ‘ప్రభుత్వ ధాన్యం కూడా మేమే మర ఆడిస్తాం, లోడింగులో నాలుగు గింజలు పడి ఉంటాయి’ అన్నారు. కొట్టిపారేయదగిన మాట కాదు. గింజల సంగతి వదిలేద్దాం, మరి కిలోమీటర్లు? ‘మీ మీటరే తప్పేమో’ అన్నారు. కెమెరా రికార్డు అడిగితే ఆ రాత్రి కరెంటు లేదట. ఇది కూడా యజమాని చెప్పలేదు, గుమాస్తా చేత చెప్పించారు. ఒక్కసారి కూడా బాకీ ఆపని వాణ్ని కూర్చోబెట్టి, కనుక్కుంటాం అని ఒక్క మాట అంటే వాళ్ల సొమ్మేం పోయేది?

ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నదే నన్ను నిద్రపోనివ్వలేదు. రేషన్ బియ్యంతో బండి పట్టుబడితే, 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం 6ఎ సెక్షన్ కింద దాన్ని జప్తు చేసే అధికారం కలెక్టర్‌కు ఉంది. యజమానికి తెలియకుండా జరిగిందని, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని రుజువు చేసుకుంటేనే బండి దక్కుతుంది. ఆ రుజువు కాగితం మీద ఉండాలి. కానీ ఫిర్యాదు ఇస్తే పోలీసులు మొదట పిలిచేది డ్రైవర్‌నే. మీసాలు రాకముందు నుంచీ నా దగ్గర ఉన్నవాడు. పిల్లల ముందు స్టేషన్ నుంచి కబురు వస్తే అతని ఇంట్లో ఏమనుకుంటారు? రాసిన కాగితం చింపాను, మళ్లీ రాశాను. చివరికి అతనే, ‘నా పేరు కూడా రాయండి సేటూ, ఆ పుస్తకం కూడా జత చేయండి’ అన్నాడు. ఇచ్చాను, రసీదు తీసుకున్నాను. తెలిసినవాళ్లు రాజీకి వచ్చి వెళ్లారు. వెనక్కి తీసుకోను.

ఆ మిల్లుతో లెక్క తేల్చేశాను. ఇక సరుకు వేరే మిల్లుది. ఆ రాత్రి తర్వాత మన బండిలో ఒక్క బస్తా కూడా ఎక్కలేదు. మీ ఇంట్లో ఉన్న బస్తా మీద ఏ కాస్త అనుమానం ఉన్నా, సగం వండుకున్నాక అయినా సరే, తెచ్చి ఇవ్వండి. డబ్బు వాపసు ఇస్తాను. బండిని కడిగించాను, జీపీఎస్ పెట్టించాను. పరాయి ఆవరణలో రాత్రి ఆపడం ఇక లేదు. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిప్పర్తి మీదుగా వచ్చేస్తుంది. డీజిల్ ఖర్చు పెరుగుతుంది, అది నేను చూసుకుంటాను. ధర పెంచడం లేదు.

కొత్త మిల్లులో పాత సాంబ మసూరి తక్కువగా ఉంది. ఈ నెల వచ్చేది కొంచెం కొత్త బియ్యం, నీళ్లు తగ్గించి పోయండి, లేకపోతే అన్నం ముద్దవుతుంది. పాతవే కావాలంటే హెచ్ఎంటీ ఉన్నాయి. మునుగోడు, కనగల్ వైపు వాళ్లు ఒక రోజు ముందుగా ఫోను చేస్తే సోమవారం నుంచి మన బండిలోనే పంపిస్తాను.