హార్వర్డ్ సరే, మన కిరణ్ ఏదీ?

సంపాదకులకు నమస్కారం. కంప్యూటర్‌లో విమానం నడిపించే సిమ్యులేటర్ అంటే గేమ్స్ పిచ్చి అనుకునేవాణ్ని గానీ, మా అబ్బాయి అందులో రెండో ప్రపంచ యుద్ధం నాటి హార్వర్డ్ శిక్షణ విమానం పెట్టిచ్చాక చెమటలు పట్టాయి. తోక కింద చక్రం కదా, నేల మీద ముక్కు పైకి లేచి ఎదురుగా రన్‌వే కనపడదు, పాములా వంకర్లు తిరుగుతూ పక్క నుంచి తొంగి చూసుకుంటూ పోవాలి. దిగాక కాస్త ఏమరితే గిర్రున తిరిగిపోతుంది. మూడుసార్లు గడ్డిలోకి పోయాను (మావాడు నవ్వాడు లెండి). మన వైమానిక దళం కుర్రాళ్లూ ఒకప్పుడు వీటిమీద నేర్చుకున్నవాళ్లే. మరి 1964లో తొలిసారి ఎగిరిన, దుండిగల్ వైమానిక అకాడమీ వైపు మనం ఏళ్ల తరబడి తలెత్తి చూసిన మన దేశపు శిక్షణ జెట్ కిరణ్‌ను, గురువూ శిష్యుడూ పక్కపక్కనే కూర్చునే ఆ కాక్‌పిట్‌తో సహా, మనవాళ్లెవరైనా సిమ్యులేటర్ కోసం ఇలా తయారుచేస్తే బాగుండు. ఏ స్విచ్ ఎక్కడో చెప్పడానికి పాత పైలట్లు ఇంకా ఉన్నారు.

– ఒక పాఠకుడు, హైదరాబాద్