చిట్టితల్లికి, ఫ్రాంట్స్‌బ్రోట్షెన్ గురించి

హాంబర్గ్
ఆదివారం

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అంతా క్షేమం. అమ్మ మోకాలు ఎప్పటిలాగే ఉంది. మన హాంబర్గ్ దాల్చినచెక్క బన్ను, ఆ ఫ్రాంట్స్‌బ్రోట్షెన్ ఎలా చేస్తావు నాన్నా అని అర్ధరాత్రి దాటాక మెసేజ్ పెట్టావు. పొద్దున్నే ఫోన్ చేస్తే ఎత్తలేదు, మర్నాడూ ఎత్తలేదు. సరే, ఫోన్‌లో తేలే వంటకం కాదు కదా అని ఉత్తరం రాస్తున్నా. ఇంకే కారణమూ లేదు.

ముందు పిండి. 550 నంబరు గోధుమపిండి కొను, అర కిలో. పాలు పావు లీటరు, పంచదార 70 గ్రాములు, వెన్న 70, చిటికెడు ఉప్పు. ఈస్ట్ 42 గ్రాముల క్యూబులో సగం చాలు. పాలు గోరువెచ్చగానే ఉండాలి, మరీ వేడైతే ఈస్ట్ చచ్చిపోతుంది. నీకేమో తొందరెక్కువ, పొయ్యి మంట పెంచేస్తావు. అన్నీ కలిపి బాగా పిసికి, గిన్నె మీద గుడ్డ కప్పి ఒక గంట వదిలెయ్. ఆ గంటలో ఎవరికైనా ఫోన్ చేసుకోవచ్చు.

తర్వాతది ఓపిక పని. చల్లటి వెన్న 150 గ్రాములు పల్చగా పరిచి, పిండిలో పెట్టి మూసి, అప్పడాల కర్రతో ఒత్తి మూడు మడతలు వేసి అరగంట ఫ్రిజ్‌లో పెట్టు. మళ్ళీ తీసి ఒత్తు, మళ్ళీ మడిచి ఫ్రిజ్‌లో పెట్టు. ఇలా మూడుసార్లు చెయ్యాలి. వంటింట్లో హీటర్ ఆపెయ్, లేకపోతే వెన్న కరిగి కారిపోతుంది. నువ్వు మాత్రం స్వెటర్ వేసుకో. ఆఫీసున్న రోజు ఇది కుదరదు, సగం రోజు ఇంట్లో ఉండాలి. నీకిప్పుడు అంత తీరిక ఉందా అని అడగడం లేదు. ఊరికే అన్నాను.

స్టుట్‌గార్ట్ బాబాయి ఉగాది భోజనాల దగ్గర ఏదో విన్నానన్నాడు. ఆయన విన్నవన్నీ నమ్మితే రాజు పెళ్ళి జరిగేదా? కాబట్టి నేను నమ్మలేదు. అమ్మ కూడా నమ్మలేదు, కానీ రాత్రి రెండింటికి లేచి నీళ్ళు తాగుతోంది.

దాల్చినచెక్క దగ్గర పిసినారితనం వద్దు. చవగ్గా దొరికే పొడి చాలావరకు కాసియా అనే వేరే రకం చెక్కది. అందులో కుమారిన్ అనే పదార్థం ఎక్కువ, రోజూ ఎక్కువగా తింటే లివర్‌కి మంచిది కాదని తిండి భద్రత చూసే ఇక్కడి ప్రభుత్వ సంస్థ బీఎఫ్ఆర్ 2006లోనే హెచ్చరించింది. సిలోన్ అని రాసి ఉన్నదే కొను. అసలు కొనకు, నేనే పంపిస్తున్నా. 100 గ్రాముల పంచదారకి రెండు చెంచాల పొడి. పిండిని పల్చగా ఒత్తి, కరిగించిన వెన్న కొంచెం రాసి, ఇది చల్లి, చాపలా చుట్టేసి నాలుగు సెంటీమీటర్ల ముక్కలు కొయ్యి.

ఇక్కడే ఓమా సంగతి చెప్పాలి, అదే, జర్మన్‌లో అమ్మమ్మా అన్నట్టు మనం ఓమా అని పిలిచే పెద్దావిడ సంగతి. నీకు గుర్తుండదు, అప్పుడు నువ్వు ఆవిడ వంటింట్లో టేబుల్ కింద కూర్చుని ఎండుద్రాక్ష ఏరుకు తినేదానివి. ఓమా ముక్కలు కోసి, చెక్క గరిటె కాడ అడ్డంగా పెట్టి నడిమధ్యన అడుగంటా నొక్కింది. రెండు పక్కలా పొరలు పైకి విచ్చుకున్నాయి. అమ్మ ఠక్కున, "ఇది మన మడత కాజాయే కదండీ!" అంది. మండపేట వాళ్ళకు తాపేశ్వరం ఎంత దూరం మరి. వెంటనే ఓమా చేతిలో గరిటె లాక్కుని, మేమైతే ఇలా నొక్కుతాం అని అప్పడాల కర్రతో ఒకటి చేసి చూపించింది. అమ్మకి అప్పటికి జర్మన్ రాదు, ఓమాకి జర్మన్ తప్ప ఏదీ రాదు. అమ్మ నెయ్యిలో బియ్యప్పిండి కలిపి మడతల్లో రాయాలంది తెలుగులో. ఓమా నైన్, నైన్, అంటే వద్దు వద్దు అంటూ వెన్న డబ్బా కడుపుకి హత్తుకుంది. నేను మధ్యలో అనువాదానికి వెళ్తే ఇద్దరూ కలిసి నన్ను బయటికి పంపేశారు. సాయంత్రానికి ఒక ట్రే ఆవిడవి ఓవెన్‌లో, ఒక గిన్నెడు ఈవిడవి పాకంలో. ఎవరివి బాగున్నాయో నేను ఈ రోజు దాకా చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

నొక్కాక ఇరవై నిమిషాలు ఆగి, 200 డిగ్రీల దగ్గర పావుగంట, ఇరవై నిమిషాలు కాల్చు. అడుగున పంచదార కరిగి, గోధుమరంగు పాకమై అంటుకోవాలి. అది లేకపోతే దండగ.

దీనికి ఫ్రాంట్స్ అని ఫ్రెంచివాళ్ళ పేరెందుకంటే, నెపోలియన్ సైన్యం 1806 నుంచి 1814 దాకా హాంబర్గ్‌లో తిష్ఠ వేసినప్పుడు వాళ్ళ రొట్టెను చూసి ఇక్కడివాళ్ళు చేసుకున్నారని ఓమా చెప్పేది. కథే అనుకో. కానీ ఆ సైన్యం 1813 చలికాలంలో, ముట్టడికి తిండి చాలదని, వేలమంది పేదవాళ్ళను ఊళ్ళోంచి గెంటేసిన మాట నిజం. చాలామంది నడుచుకుంటూ వచ్చింది ఆల్టోనాకే. అప్పుడిది డెన్మార్క్ రాజు కింద వేరే ఊరు. ఉన్నంతలో వాళ్ళను చేరదీసింది. మనం ఉంటున్న ఈ ఆల్టోనాయే.

ఎలాగూ రాస్తున్నా కనుక ఇంకో మాట. ఇక్కడ ఎవరైనా తమంతట తాము ఉద్యోగం మానేస్తే నిరుద్యోగ భృతి 12 వారాల దాకా ఆపేస్తారు. అందుకని సంతకం పెట్టే ముందు ఎవరినైనా అడగాలి. పెట్టేసినా కంగారు లేదు, వెంటనే ప్రభుత్వ ఉపాధి ఆఫీసులో నమోదు చేయించుకోవాలి, ఆలస్యం చెయ్యకూడదు. బాబాయి కొడుకు కోసం కనుక్కున్నాను. చేతిలో ఆరు నెలల ఖర్చుకి డబ్బు ఉంచుకోమని నీకు ఎప్పుడో చెప్పాను. లేకపోతే లేదని చెప్పు, అదేం పెద్ద విషయం కాదు. పొద్దున్న కాఫీ ఒక్కటే తాగి ఊరుకోకు. మీ మ్యూనిక్‌లో ఆ ఉప్పు రాళ్ళ బ్రేట్సెల్ రొట్టె తప్ప ఏదీ దొరకదని తెలుసు, అదైనా వెన్న రాసుకుని తిను.

నీ గదిలో కిటికీ పక్క గోడకు తెల్లరంగు వేయించాం. వేరే ఏం మార్చలేదు, నీ పుస్తకాలు అలాగే ఉన్నాయి.

సిలోన్ చెక్క, ఓమా చెక్క గరిటె, ఉన్ని సాక్సులు, ఒక డబ్బా కాజాలు అమ్మ సర్దింది. గురువారం పార్సిల్ వస్తుంది. మీ కింద బెల్ పనిచేయదన్నావు కదా, పెట్టె మీద నీ సెల్ నంబరు రాశాను. వాడు కింద నుంచే చేస్తాడు, తియ్యకపోతే పట్టుకుపోతాడు. కొత్త నంబరైనా సరే ఎత్తు.

నాన్న