ఎదురింటి కెమెరాకు హద్దు ఎక్కడ?

తెలంగాణ రాష్ట్ర డీజీపీ గారికి,

నమస్కారం. మా ఎదురింటి మొదటి అంతస్తు సజ్జ కింద ఒక సీసీ కెమెరా ఉంది. చీకటి పడగానే దాని కంటి చుట్టూ ఎర్రటి చుక్కలు వెలుగుతాయి. వీధితో పాటు మా గేటు, గేటు దాటి తులసికోట దాకా వాకిలంతా దానికి కనిపిస్తుంది. తెల్లవారుజామున నైటీతోనే కళ్లాపి చల్లే మా అమ్మ ఇప్పుడు చీర మార్చుకుని గాని గడప దాటడం లేదు. మొన్న ఆ ఇంటాయన, "రాత్రి మీ అమ్మాయి పదకొండున్నరకు వచ్చినట్టుంది?" అన్నారు. చెడ్డవారేమీ కాదు. ఫోనులో కనిపించింది, చూశారు.

కెమెరాలు పెట్టుకోమని 'నేను సైతం' పేరుతో జనాన్ని అడిగింది పోలీసులే. దొంగలు దొరుకుతున్నారు, గుద్ది పారిపోయిన బండ్ల ఆచూకీ తెలుస్తోంది, కాదనను. మా ఇంటికీ ఒకటి ఉంది. ఈ గొడవ తర్వాత దాన్ని తెరిచి చూస్తే పక్కింటి దండెం మీది బట్టలన్నీ కనిపించాయి. అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు చెప్పుకున్న కష్టసుఖాలు కూడా మాటతో సహా రికార్డయ్యాయి. సిగ్గేసింది. మైకు ఆపేసి, పక్కింటి భాగం కనబడకుండా సెట్టింగులలో నల్లగా మూసేశాను. రెండు నిమిషాల పని.

స్టేషనులో చెప్పుకుంటే, మాట్లాడి తేల్చుకోండి, లేదా సివిల్ కోర్టుకు వెళ్లండి అన్నారు. వాళ్లను మాత్రం ఏమనగలం? ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజాభద్రత చట్టం జనం గుమిగూడే దుకాణాలు, సంస్థల కోసం చేసింది. చాటుగా చూడడాన్ని, తీయడాన్ని నేరమనే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను, ఐటీ చట్టం 66ఈ సెక్షను నగ్నత్వం, ఏకాంతం దగ్గర ఆగిపోతాయి. వాకిట్లో ముగ్గు వేసే మనిషికి అవి అక్కరకు రావు. 2023 నాటి డేటా రక్షణ చట్టం సొంత, ఇంటి అవసరాలకు మినహాయింపు ఇచ్చింది. వీధిని చూసే కెమెరా ఇంటి అవసరమేనా? కాదని ఐరోపా న్యాయస్థానం 2014లోనే, ఒక చెక్ పౌరుడి కేసులో చెప్పింది. మన సుప్రీంకోర్టు 2017లో గోప్యతను ప్రాథమిక హక్కు అంది. ఆ హక్కు మా సందు దాకా ఇంకా నడిచి రాలేదు.

కొత్త చట్టం చేయడం మీ చేతిలో లేదు. కెమెరా పెట్టుకోమని చెప్పే నోటితోనే మరో నాలుగు మాటలు చెప్పించండి: ఎదుటివారి వాకిలి, కిటికీ కనిపించకూడదు, మాటలు రికార్డు కాకూడదు, కాలనీ వాట్సాప్ గ్రూపులో వీడియోలు పెట్టకూడదు, నేరం జరిగితే పోలీసులకే ఇవ్వాలి. ఫిర్యాదు వస్తే ఒక కానిస్టేబుల్ వచ్చి, ఆ ఇంటివారి ఫోనులో ఏం కనిపిస్తోందో చూసేలా ఆదేశించండి. మా ఎదురింటి కెమెరాను బెత్తెడు కిందికి వంచితే చాలు. ఆ మాట నేను చెబితే తగాదా అవుతోంది, మీ మనిషి చెబితే వింటారు.

ఇట్లు,
సికింద్రాబాద్ నుంచి ఒక కెమెరా యజమాని