ఆ సంతకం ఎవరిని కాపాడడానికి?

సంపాదకుడికి నమస్కారం.

ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి పోయిన వారం స్కూలు నుంచి ఒక కాగితం తెచ్చింది. నాగార్జునసాగర్, ఎత్తిపోతల టూర్‌కి పంపాలంటే సంతకం పెట్టాలట. ‘ప్రయాణంలో ఏం జరిగినా యాజమాన్యానికి ఎలాంటి బాధ్యతా లేదు’ అని రాసి ఉంది. టూర్ ఫీజు మాత్రం పెద్దక్షరాల్లో వేశారు. వెంట ఎందరు టీచర్లు వస్తారో, లాంచీలో లైఫ్ జాకెట్లు ఉంటాయో లేదో ఎక్కడా లేదు.

ఇలా రాయించుకుంటే బాధ్యత పోతుందా? 1995లో పఠాన్‌కోట్ దగ్గరి ఒక స్కూలు పిల్లలను బియాస్ నది ఒడ్డుకు పిక్నిక్‌కు తీసుకెళ్తే 14 మంది మునిగి చనిపోయారు. వెంట వెళ్లిన టీచర్ల నిర్లక్ష్యానికి యాజమాన్యమే జవాబుదారీ అని 2001లో సుప్రీంకోర్టు తేల్చింది. ఒక్కో బిడ్డకు 5 లక్షల పరిహారం కట్టాల్సిందేనంది. అదే బియాస్‌లో 2014 జూన్ 8న మన హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. హెచ్చరిక లేకుండా లార్జి డ్యామ్ నీళ్లు వదిలింది విద్యుత్ బోర్డు వాళ్లే. అయినా హిమాచల్ హైకోర్టు 2016లో ఒక్కో కుటుంబానికి 20 లక్షలు ఇవ్వమంటూ అందులో 30 శాతం కాలేజీ మీద వేసింది. కాలేజీ పిల్లల విషయంలోనే అలా అంటే, పదమూడేళ్ల వాళ్ల సంగతి వేరే చెప్పాలా?

నాకు టీచర్ల మీద కోపం లేదు. తొంభై మందికి నలుగురట, అందులో ఒకావిడ పోయిన నెలే చేరారు. బస్సు, లాంచీ మాట్లాడేది, ఎందరు వెళ్లాలో తేల్చేది యాజమాన్యం. ఏదైనా జరిగితే పోలీసులు మొదట పిలిచేది వెంట ఉన్నవాళ్లనే. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే ఐపీసీలో గరిష్ఠంగా రెండేళ్లున్న జైలు శిక్ష ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో ఐదేళ్లకు పెరిగింది. మా సంతకం ఆ కేసును ఆపలేదు, ఆ టీచరమ్మనూ కాపాడలేదు.

ఇలాంటి కాగితాలు తీసుకోవద్దని విద్యాశాఖ స్కూళ్లకు గట్టిగా చెప్పాలి. మా దగ్గర అనుమతి, పిల్లల ఆరోగ్య వివరాలు, ఫోన్ నంబర్లు తీసుకోండి, చాలు. బాధ్యత రాసివ్వాల్సింది స్కూలు: ఏ పిల్లలు ఏ టీచరు చూపులో ఉంటారు, నీళ్ల దగ్గర ఎవరు నిలబడతారు, రాత్రి ఆడపిల్లల బస దగ్గర ఏ మేడమ్ ఉంటారు అని.

నేను ఆ ఒక్క వాక్యం కొట్టేసి సంతకం పెట్టి పంపాను. “సార్ ఒప్పుకోలేదు నాన్నా, కొత్త కాగితం ఇచ్చారు” అంది సాయంత్రం. అది ఇంకా టీవీ పక్కనే ఉంది.

— ఒక విద్యార్థిని తండ్రి, ఖమ్మం