పాత అక్విడెక్టుకూ ఒక రాతి పలక కావాలి

సంపాదకులకు,

ఆర్యా,

మా అబ్బాయి ఇటలీలో ఉద్యోగం చేస్తున్నందున నిరుడు రోము నగరానికి వెళ్లి, టైబర్ నది మీది ఫాబ్రిషియస్ వంతెనను చూడగలిగాను. క్రీ.పూ. 62లో కట్టిన ఈ వంతెన ఊరి ఒడ్డును నది నడుమ ఉన్న ఒక చిన్న దీవితో కలుపుతుంది. కోనసీమలో పుట్టినవాడిని గనుక నాకు దాన్ని లంక అనాలనే అనిపించింది. ఉన్నవి రెండే ఖానాలు (నీరు పారే కమాను ఖాళీలు), ఒక్కొక్కటి సుమారు 80 అడుగుల వెడల్పు. నడిమి స్తంభం పైభాగంలో ఒక చిన్న కమాను ద్వారం వదిలారు. వరద పెద్ద ఖానాల పైదాకా పొంగిన రోజున కొంత నీరు ఆ ద్వారం గుండా జారిపోయి, స్తంభం మీద పడే ఒత్తిడి తగ్గుతుంది.

నీటిపారుదల పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చాలా ఏళ్లు గడిపిన నన్ను ఆ ద్వారం కంటే ఎక్కువ సేపు నిలబెట్టినవి కమానుల మీద చెక్కిన అక్షరాలు. రహదారుల అధికారి లూసియస్ ఫాబ్రిషియస్ దీన్ని కట్టించాడనీ, సరిగా ఉందని తానే ఆమోదించాడనీ వాటి భావం. పని చేయించినవాడే కొలతలు సరిచూసి సంతకం పెట్టడం మా రోజుల్లో ఆడిట్‌కు నచ్చేది కాదు. రోమువారికీ తృప్తి కలగలేదో ఏమో, క్రీ.పూ. 21లో లోలియస్, లెపిడస్ అనే ఇద్దరు కాన్సుల్‌లు (రోము అత్యున్నత పాలనాధికారులు) మళ్లీ ఆమోదించినట్టు అదే వంతెన మీద మరో శాసనం ఉంది. ఇప్పుడు దాని మీద కాలినడకన వెళ్లేవారినే అనుమతిస్తున్నారు.

తిరిగి వచ్చినప్పటినుంచి నా ఆలోచనంతా మా కోనసీమలోని పి.గన్నవరం పాత అక్విడెక్టు, అంటే నది మీదుగా కాలువ నీటిని దాటించే వంతెన, మీదనే ఉంది. కాటన్ దొర హయాంలో, ధవళేశ్వరం ఆనకట్ట రోజుల్లోనే, గోదావరి వైనతేయ పాయను దాటించి నగరం లంకకు కాలువ నీరు అందించడానికి దాన్ని కట్టారు. మొత్తం 49 ఖానాలు, ఒక్కొక్కటి 40 అడుగులు. పని నడిపిన ఇంజనీరు హేగ్ దొర. 1986 ఆగస్టు వరదకు కూడా నిలబడిన కట్టడం అది. పక్కన కొత్త అక్విడెక్టు వచ్చి నీటి బరువు దాని మీదికి మారాక, పాతదాన్ని అవసరం తీరిన వస్తువుగా చూసే ప్రమాదం ఏర్పడింది.

ఇటువంటి కట్టడానికి ఎక్కువగా చేటు తెచ్చేవి రెండు. అతుకుల్లో పడిన రావి విత్తనం మొలిచినప్పుడే పెకలిస్తే పని నిమిషంలో తీరుతుంది. వేరు లోపలికి దిగాక మొక్కతోపాటు కట్టుబడినీ విప్పవలసి వస్తుంది. రెండోది, మంచి ఉద్దేశంతోనే చేసే సిమెంటు పూత. గానుగ సున్నంతో కట్టిన గోడ కొద్దిగా కదులుతుంది, తేమను పీల్చి వదులుతుంది. దాని మీద బిరుసైన సిమెంటు మెత్తితే లోపలి తేమకు దారి మూసుకుపోయి, అతుకు నిలిచినా పక్కనున్న కట్టుబడి పెళుసుబారి రాలుతుంది. పైకి మాత్రం పని కొత్తగా, శుభ్రంగా కనబడుతుంది. బిల్లు కూడా సులువుగా పాసవుతుంది.

కాబట్టి సంబంధిత అధికారులకు నా మనవి ఇది. పాత అక్విడెక్టును రక్షిత కట్టడంగా గుర్తించి, భారీ వాహనాలను దాని మీదికి రానీయకుండా నడకకూ సైకిళ్లకూ ఉంచాలి. ఏటా వరద తీశాక ఖానా ఖానా తనిఖీ చేయించాలి. మరమ్మతు ఏదైనా సున్నంతోనే చేయించాలి. ప్రారంభోత్సవ శిలాఫలకాలు మన జిల్లాలో కొల్లలుగా ఉన్నాయి గాని, ఫలానా సంవత్సరం ఫలానా ఖానాను పరీక్షించి బాగుందని తేల్చినవారి పేరు చెప్పే పలక ఒక్కటైనా నా కంట పడలేదు. అటువంటిది ఈ అక్విడెక్టు గట్టున నాటి, ఏటేటా ఒక వరుస చెక్కుతూ పోవాలి.

ఇట్లు,
విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టర్,
కోనసీమ