మన అండర్ బ్రిడ్జిలో ఈసారి నీళ్ళు నిలవలేదు: దణ్ణం పెట్టాల్సినవాళ్ళు చాలామంది

మొంథా తుపాను వెళ్ళిపోయి రెండు రోజులైంది. గొంతు పూర్తిగా పోయింది. కాలివేళ్ళ మధ్య ఒరుసుకుపోయి చెప్పులు వేసుకోలేకపోతున్నాను. పడుకుంటే నిద్ర రావడం లేదు, అందుకని ఫోను తీసుకుని కూర్చున్నాను. అక్షరాలు తప్పులు పోతే ఏమనుకోకండి.

2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి తుపాను తీరం దాటుతోందని టీవీలో చెబుతున్నప్పుడు మన వార్డు ముసలీ ముతకనీ, చంటిపిల్లల తల్లుల్నీ హైస్కూలుకి చేర్చే పనిలో ఉన్నాం. హైస్కూలు పట్టాలకి అవతల. మధ్యలో మన అండర్ బ్రిడ్జి. పదకొండున్నరకి టార్చి పట్టుకుని దిగాను. గోడ మీద మన పిల్లలు పెయింటుతో వేసిన గీతలు మీకు తెలుసుగా, కింద సైకిలు చైను, పైన సైకిలు సీటు. పోయినేడు బుడమేరు పొంగిన వారంలో ఆ సీటు గీత కూడా కనబడలేదు. మొన్న రాత్రి నీళ్ళు నా చీలమండ దాటలేదు. కరెంటు పోయినా డీజిల్ మోటారు అవతల గుయ్యిమంటూనే ఉంది. ట్రాక్టరు నాలుగు ట్రిప్పులు వేసింది. ఒక్క మనిషిని కూడా పట్టాల మీద నుంచి దాటించలేదు. ఆ మోటారు చప్పుడు వింటూ గోడకి ఆనుకుని ఏడ్చేశాను. చూసినవాళ్ళు తుపానుకి భయపడ్డాననుకున్నారు.

అసలు కథ మన వార్డు వాళ్ళకి తెలిసిందే, బయటివాళ్ళ కోసం చెబుతాను. ఇక్కడ పూర్వం గేటు ఉండేది, గేట్‌మాన్ ఉండేవాడు. విజయవాడ, విశాఖ మధ్య మెయిన్ లైను కాబట్టి గేటు వేశాడంటే ఒక్కోసారి మూడు రైళ్ళు పోయేదాకా తీసేవాడు కాదు. తిట్టుకునేవాళ్ళం. 2014లో మాసాయిపేటలో స్కూలు బస్సుని రైలు గుద్దినప్పుడు ఆ పుస్తకాల సంచులు టీవీలో చూసి మా ఇంట్లో ఎవరం అన్నం తినలేదు. అక్కడ గేటూ లేదు, కాపలా మనిషీ లేడు. 2019 జనవరి కల్లా బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లన్నీ ఎత్తేశారు. అది మంచి పనే, కాదనను. తర్వాత కాపలా ఉన్న గేట్లు కూడా తీసేసి కింద నుంచి దారి ఇవ్వడం మొదలైంది. అలా మన గేటూ పోయింది. ఓ పెద్ద సిమెంటు పెట్టెని కట్ట కింద తోసేసి దారి అన్నారు. పక్కన పంట కాలవ, ఇటు చెరువు. వాన పడితే నీళ్ళు ఎటు పోతాయో ఆ కాగితాల్లో ఎవరూ గీసినట్టు లేదు.

అప్పటి నుంచి నేను తిరగని ఆఫీసు లేదు. కట్ట రైల్వేది, కాబట్టి కేంద్రం. మురుగు కాలవ మున్సిపాలిటీది. ఆ రోడ్డు ఆర్ అండ్ బి వాళ్ళది. ముగ్గురికీ మూడు అర్జీలు ఇస్తే ముగ్గురూ మిగతా ఇద్దరి పేర్లు చెప్పారు. ఆన్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదయితే మూడుసార్లు పరిష్కరించేశారు! పరిష్కారం ఏమిటయ్యా అంటే "ఇది రాష్ట్ర ప్రభుత్వానికి సంబంధించినది" అని ఒక ముక్క. పోయినేడు వానాకాలంలో మన పాలావిడ, పేరు రాయను, నీళ్ళలో దిగలేక క్యానుతో పట్టాలు దాటితే రైల్వే చట్టం సెక్షను 147 కింద కేసు రాశారు. దారిలో నీళ్ళు నిలబెట్టినందుకు ఎవరి మీదా ఏ సెక్షనూ లేదు. దారి లేక పట్టాలెక్కిన మనిషికి మాత్రం ఉంది.

సరే, ఆ గొడవ మళ్ళీ చెబుతాను. చెప్పాల్సిన మనిషి వేరే ఉన్నాడు.

మార్చిలో పార్లమెంటు జరుగుతుండగా వెళితే ఎంపీ గారు కూడా అక్కడే ఉంటారని ఢిల్లీ రైలు ఎక్కాను. స్లీపర్లో. మున్సిపల్ కౌన్సిలర్నే అయినా, ఢిల్లీ వెళ్ళడానికి పద్దు లేదన్నారు మనవాళ్ళు. ఎంపీ గారి లెటరు, కౌన్సిలు తీర్మానం కాపీ, నేను పది రోజులు కూర్చుని రాయించిన తొమ్మిది పేజీల అర్జీ, అండర్ బ్రిడ్జిలో నీళ్ళు ఏ గీత దాకా వచ్చాయో మన ఎనిమిదో తరగతి అమ్మాయి రాసిన నోటుపుస్తకం సంచిలో ఉన్నాయి. పొద్దున తొమ్మిదిన్నరకల్లా రైల్వే ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డాను. లోపలి నుంచి ఎవరైనా ఫోను చేసి చెబితేనే పాసు ఇస్తారట. చెప్పాల్సినాయన మీటింగులో ఉన్నారు. రిసెప్షన్‌లో కుర్రాడు నా కార్డు చూసి, నా భుజం మీదుగా వెనక్కి చూశాడు, నాతో మగవాళ్ళెవరైనా వచ్చారేమోనని. ఒంటిగంట. రెండు. ఫోను ఛార్జింగు అయిపోవచ్చింది. రోడ్డు పక్క టీ బండి దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

అక్కడున్నాడు ఆ పెద్దాయన. బక్కపల్చటి మనిషి, గుడ్డ సంచి, కళ్ళజోడు ఒక కాడకి నల్లదారం చుట్టి ఉంది. ఇటుక మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఎక్కడి నుంచి అని అడిగాడు. చిన్నప్పుడు హిందీ ప్రచార సభ వాళ్ళ ప్రాథమిక, మధ్యమ పాసయిన హిందీ నాది. ఆంధ్రా అని, వార్డు పార్షద్‌నని చెప్పాను. అక్కడ కౌన్సిలర్ని పార్షద్ అంటారు.

ఆయన లేచి నిలబడ్డాడు. టీ గ్లాసు కింద పెట్టి, భుజం మీద తువ్వాలు తీసి బండి ముందున్న బల్ల తుడిచి, "పార్షద్ జీ, పహలే ఆప్ బైఠియే" అన్నాడు, ముందు మీరు కూర్చోండి అని.

ఇదేం పెద్ద విషయం అనిపించవచ్చు మీకు. 2021లో గెలిచాను నేను. ఈ నాలుగేళ్ళలో నన్ను చూసి లేచి నిలబడిన మనిషి లేడు. మన వార్డులో పెద్దవాళ్ళు ఇప్పటికీ మా ఆయన్నే "కౌన్సిలర్ గారూ" అని పిలుస్తారు, నన్ను "కౌన్సిలర్ గారి భార్య" అంటారు. ఓసారి మీటింగుకి నన్ను దించడానికి వచ్చిన మనిషి ముందు అటెండెన్సు రిజిస్టరు పెట్టారు, సంతకం చెయ్యమని. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ ఎండలో, ఆ బల్ల మీద కూర్చున్నాక మాత్రం కాసేపు నోట మాట రాలేదు.

ఆయన అర్జీ అడిగి తీసుకున్నాడు. తిరగేసి, "మీకు ఏం కావాలో ఏ పేజీలో ఉంది?" అన్నాడు. ఎనిమిదో పేజీలో ఉంది. "చదివేవాడు రెండో పేజీ తిప్పడు. నేనూ ముప్ఫై ఏళ్ళు తిప్పలేదు" అన్నాడు. వేరే ఏదో శాఖలో పనిచేసి రిటైరయ్యాడట.

నేను అడిగింది పైవంతెన. అక్కడికక్కడే దాని మీద గీత కొట్టేశాడు. ఎందుకో అప్పుడు చెప్పాడు, నాకీ సంగతి ఇన్నేళ్ళుగా ఒక్క ఇంజినీరూ చెప్పలేదు. రోజుకి ఎన్ని రైళ్ళు పోతాయో, ఎన్ని బళ్ళు గేటు దాటతాయో రెండూ హెచ్చవేస్తారట, దాన్ని టీవీయూ అంటారు. మామూలుగా అది లక్ష దాటితేనే రైల్వే, రాష్ట్రం సగం సగం పెట్టుకుని వంతెన కట్టే లెక్కలోకి వస్తుంది. నడిచేవాళ్ళు ఆ లెక్కలో సున్నా. మన వార్డులో అటూ ఇటూ తిరిగేది ఎవరండీ? బడిపిల్లలు, పాచిపనికి పోయేవాళ్ళు, రొయ్యల షెడ్డుకి పోయే ఆడవాళ్ళు. అందరూ నడిచేవాళ్ళే. "వంతెన అడిగితే ఈ ఒక్క అంకె చూపించి ఫైలు కట్టేస్తారు. వాళ్ళు కట్టినదాంట్లో నీళ్ళు నిలవకుండా చూడమని అడగండి, దానికి ఏ అంకె అడ్డుపెడతారు?" అన్నాడు.

తర్వాత నోటుపుస్తకం తెరిచాడు. తెలుగు రాదు కదా, నన్ను చదవమన్నాడు. మన అమ్మాయి తేదీ వేసి పక్కన రాసింది: చైను, పెడలు, సీటు, మళ్ళీ సీటు, "ఈరోజు బడికి పోలేదు", చైను. నేను చదువుతుంటే ఆయన సంచిలోంచి చిన్న స్కేలు తీశాడు. టీ బండి పక్కన ఆపిన సైకిలు దగ్గర గొంతుక్కూర్చుని చైను ఎంత ఎత్తు, సీటు ఎంత ఎత్తు అని కొలిచాడు! పాత అర్జీ చివరి పేజీ వెనక గళ్ళు గీసి తేదీలు, అంగుళాలు వేశాడు. బండివాడు నవ్వుతున్నాడు, ఆయన పట్టించుకోలేదు.

తొమ్మిది పేజీలు ఒక పేజీ అయింది. సంప్ పెద్దది చెయ్యాలి, కరెంటు పోయినా నడిచే మోటారు పెట్టాలి, నీళ్ళు కాలవలో కలిసేదాకా పైపు వెయ్యాలి, రెండు వైపులా దిగేచోట రేకుల కప్పు వెయ్యాలి. అంతే. నేను రాయించుకున్న "సవినయంగా వేడుకుంటున్నాను" లాంటివన్నీ కొట్టేశాడు. "అడుక్కోవడం ఎందుకు, తీర్మానం ఉందిగా" అని తీర్మానం నంబరు మొదటి లైన్లో పెట్టించాడు. జెరాక్సు షాపు దాకా ఎండలో నాతో నడిచొచ్చి టైపు చేయించాడు. పాసు లేకపోయినా టపాలు ఇచ్చే కౌంటరు వేరే ఉంటుందని, అర్జీ అందినట్టు ఇచ్చే డైరీ నంబరు లేకుండా వెనక్కి రావద్దని చెప్పి అక్కడి దాకా తీసుకెళ్ళాడు. స్టాంపు పడింది. నంబరు నోటుపుస్తకం అట్ట మీద నా చేత్తో రాయించాడు, కాగితం పోతుందని.

బయటికొచ్చేసరికి నాలుగు దాటింది. అప్పుడు తెలిసింది నాకు, ఆయన కూడా తన పెన్షన్ బాకీ కోసమే వచ్చాడని, ఇది నాలుగోసారని, ఆయన కలవాల్సిన సెక్షన్‌లో నాలుగు తర్వాత బయటివాళ్ళని రానివ్వరని. నేను ఏదో అనబోయాను. "కల్ ఆ జాయేంగే", రేపు వస్తాలే అని సంచి భుజాన వేసుకుని బస్సు వైపు నడిచాడు. టీ డబ్బులు మాత్రం ఇవ్వనిచ్చాడు.

పేరు అడగలేదు. ఫోను నంబరు అడగలేదు. రాత్రి ఆంధ్రా భవన్ క్యాంటీన్లో పప్పు అన్నం కలుపుకుంటుంటే గుర్తొచ్చింది, చెయ్యి ఆగిపోయింది. మర్నాడు మళ్ళీ ఆ టీ బండి దగ్గరికి వెళ్ళి పన్నెండు దాకా కూర్చున్నాను. రాలేదు. పెన్షన్ పని అయిందో లేదో.

ఇంట్లోవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మా ఆయన, పిల్లలు, రైలుకి పులిహోర కట్టిచ్చిన మా అత్తగారు, వాళ్ళకి తెలుసు.

ఎంపీ గారికి కృతజ్ఞతలు, లోక్‌సభలో 377 నిబంధన కింద మన సంగతి చదివారు. నెలలోపు రైల్వే, మున్సిపాలిటీ, ఆర్ అండ్ బి ముగ్గురూ ఒకేరోజు ఒకేచోట నిలబడి చూశారు. అంత దగ్గరగా ముగ్గుర్నీ చూడటం నాకదే మొదలు. సెప్టెంబరుకి సంప్, మోటారు, పైపు అయ్యాయి. రేకుల కప్పు ఇంకా రాలేదు. డీజిల్ ఎవరు పొయ్యాలో కాగితం మీద ఇప్పటికీ తేలలేదు. మొన్న రాత్రి పోసిన డీజిల్ ఏ ప్రభుత్వానిదీ కాదు, బంకులో పనిచేసే మన కుర్రాడు జీతంలో పట్టుకోమని తెచ్చినది. ఇది చదివే అధికారులెవరైనా ఉంటే, అయ్యా, వచ్చే తుపానుకి ముందు ఆ ఒక్క లైను రాయండి. నా పదవి 2026 మార్చికి అయిపోతుంది, తర్వాత ఎవరొస్తారో, ఈ డైరీ నంబరు ఎవరికి అప్పజెప్పాలో.

ట్రాక్టరు అన్నకి దణ్ణం. గోడ మీద గీతలు గీసిన పిల్లలకి కూడా.

అయ్యో, డ్వాక్రా అక్కల్ని మరిచాను! ఢిల్లీ టికెట్టు డబ్బులు మీరు వేసుకున్నవే. పొదుపు పుస్తకంలో అది అప్పు కింద రాశారు, వచ్చే నెల తీరుస్తాను.

ఇంకోటి. పాత గేట్‌మాన్ గారు, రిటైరై కూడా మొన్న రాత్రంతా కట్ట మీద లాంతరుతో నిలబడ్డారు, ఎవరూ పట్టాలెక్కకుండా. పొద్దున టీ ఇద్దామని చూస్తే వెళ్ళిపోయారు.

మళ్ళీ ఎడిట్ చేస్తున్నాను: నోటుపుస్తకం అమ్మాయి ఇప్పుడు తొమ్మిదికి వచ్చింది. పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది, రేపు తెచ్చిస్తానమ్మా. 28వ తేదీ నువ్వే రాయి, చైను కిందే అని.