డెక్కలున్నాయి, నెమరే లేదు

సంపాదకుడు గారికి,

మొన్నటి ఆదివారం కాదు, ఆ ముందు ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన పంది వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఎవరో ఒకరు రాస్తారులే అని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. మీ లేఖల శీర్షికలో ఒక్కరూ నోరు విప్పలేదు. నిన్న మా మనవడు అదే వ్యాసాన్ని ఫోన్లో చూపించి "తాతయ్యా, పందిని దేవుడు శపించాడట, పేపర్లోనే పడింది" అన్నాడు. పేపర్లో పడితే నిజమేనని వాడికి చిన్నప్పుడు చెప్పింది నేనే కాబట్టి ఇక ఆగలేకపోయాను.

పేజీన్నర వ్యాసం, రంగుల బొమ్మ, "హెబ్రీ గ్రంథాల్లో పంది సాతానుకు గుర్తు" అని లావుపాటి ఉపశీర్షిక. యూదుల హెబ్రీ భాషలో రాసిన బైబిలు పాత నిబంధనలో లేవీయకాండం పదకొండో అధ్యాయం ఒక్కసారి తెరిచి చూస్తే ఆ మాట రాసేవారు కాదు. నేను క్రైస్తవుణ్ణి కాను, యూదుణ్ణి అసలే కాను. ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఎదురింటి పాస్టరు గారి భార్యనడిగి బైబిలు తెచ్చుకుని వరండాలో కూర్చుని చదివాను. అక్కడున్నది ఇంతే. డెక్క రెండుగా చీలి, నెమరు కూడా వేసే జంతువును తినొచ్చు. ఈ రెండిట్లో ఒకటే ఉన్నవని పేర్లు చెప్పినవి నాలుగు. ఒంటె, పొట్టి కుందేలు, కుందేలు నెమరు వేస్తాయి గాని డెక్క చీలదు. పందికి డెక్క చీలింది గాని నెమరు లేదు. ఏడో వచనంతో పంది మాట ముగిసింది. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయంలో మళ్లీ అదే మాట. శాపం లేదు, సాతాను లేడు, బురద లేదు, రోగం లేదు. ఒంటె ఎంత అపవిత్రమో పందీ అంతే.

ఈ సంగతి చెబితే పాస్టరమ్మ గారు నవ్వారు. "మాస్టారూ, దయ్యాలు పందుల్లోకి పోయింది మార్కు సువార్తలో కదండీ. అది కొత్త నిబంధన. పాతదాంట్లో ఎక్కడుంది?" అన్నారు. ఆ రెండు వేల పందులు సముద్రంలో పడి చావడం, పందుల ముందు ముత్యాలు, తప్పిపోయిన కొడుకు ఆశపడ్డ పొట్టు, ఇవన్నీ కొత్త నిబంధనలోవి, గ్రీకులో రాసినవి. మీ వ్యాసకర్త అన్నిటినీ ఒకే కుండలో పోసి "ప్రాచీన హెబ్రీ గ్రంథం" అని మూత పెట్టారు.

మీ వ్యాసంలో "రెండు రకాల కుందేళ్లు" అనడం ఇంకో ముచ్చట. ఆ పొట్టి కుందేలు అసలు కుందేలే కాదు. హెబ్రీలో షాఫాన్ అంటారు, బండల సందుల్లో ఉండే చిన్న జంతువు, చుట్టరికం చూస్తే ఏనుగుకు దగ్గర. మన దేశంలో అది లేదు, మనకు దానికి పేరూ లేదు. పాపం అనువాదకులు ఆ రోజుల్లో ఏదో ఒకటి అనాలి కాబట్టి పొట్టి కుందేలు అన్నారు. వాళ్లకు ఇంటర్నెట్ లేదు. మీ వాళ్లకు ఉంది.

పంది మాంసంలో పురుగు ఉంటుందని ప్రాచీనులకు ముందే తెలుసునట, అందుకే వద్దన్నారట! ఆ పురుగును మనిషి కండలో మొదట గుర్తించింది 1835లో, లండన్లో. గ్రంథం మాత్రం కారణమేమీ చెప్పలేదు, గుర్తులు చెప్పి ఊరుకుంది. పన్నెండో శతాబ్దపు యూదు వైద్యుడు మైమోనిడీస్ మురికే కారణమన్నాడు. జంతువుల వర్గీకరణలో ఏ గడిలోనూ సరిగ్గా ఇమడకపోవడం వల్లనే అపవిత్రమైందని 1966లో మానవశాస్త్రవేత్త మేరీ డగ్లస్ అంది. నీడా నీళ్లూ తక్కువైన నేలలో, పాలివ్వని, దున్నని, మనిషి తిండికే పోటీకొచ్చే జంతువును మేపడం దండగ అన్నాడు ఇంకో మానవశాస్త్రవేత్త మార్విన్ హారిస్. వందల ఏళ్లుగా తెగని పంచాయితీని మీ వ్యాసకర్త ఒక్క వాక్యంలో తేల్చి పారేశారు. తవ్వకాల ఊసు కూడా లేదు. యూదుల పూర్వీకులైన ఇశ్రాయేలీయుల తొలినాళ్ల కొండ ఊళ్లలో పంది ఎముకలు దాదాపు దొరకవు, వాళ్ల పొరుగు శత్రువులు ఫిలిష్తీయుల పట్టణాలైన అష్కెలోను, ఎక్రోనుల్లో బోలెడు. అట్లాగని యెరూషలేములో పంది అన్నదే లేదనుకునేరు. క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దపు ఇంట్లో, ఇల్లు కూలి కింద నలిగిపోయిన పంది పిల్ల అస్థిపంజరం దొరికినట్టు 2021లో ప్రకటించారు.

గుర్తులూ ప్రతీకలూ అంటే కావలసినన్ని ఉన్నాయి, వాటినే వదిలేశారు. వివేకం లేని అందగత్తెను పంది ముక్కుకు పెట్టిన బంగారు కమ్మితో పోల్చింది సామెతల గ్రంథం. సమాధుల్లో కూర్చుని పంది మాంసం తినేవాళ్ల మీద యెషయా ప్రవక్త మండిపడ్డాడు. 80వ కీర్తనలో ఐగుప్తు నుంచి తెచ్చి నాటిన ద్రాక్షతీగను అడవిపంది పెకలిస్తుంది. తీగ ఇశ్రాయేలు, పంది శత్రువు. అక్కడ 'అడవి' అన్న హెబ్రీ మాటలో ఒక అక్షరాన్ని లేఖకులు వరుసకు పైన వేలాడదీసి రాస్తారు, ఇప్పటికీ అచ్చులో అట్లాగే ఉంటుంది.

పంది మామూలు జంతువుగా మిగలకుండా పోయింది ఆ తర్వాత. క్రీ.పూ. 167 ప్రాంతంలో యూదుల్ని ఏలుతున్న గ్రీకు రాజు అంతియొకసు యూదుల చేత బలవంతంగా పంది మాంసం తినిపించబోయాడు. తొంభై ఏళ్ల ఎలియాజరును స్నేహితులు పక్కకు పిలిచి, నీకు తగిన మాంసమే తెచ్చుకో, పంది మాంసం తిన్నట్టు నటించు చాలు, అన్నారు. ఈ వయసులో నటిస్తే కుర్రాళ్లు నన్ను చూసి చెడతారని ఆయన ప్రాణమిచ్చాడు. ఈ కథ మక్కబీయుల గ్రంథంలోది, హెబ్రీ బైబిల్లో లేదు. క్రీ.శ. 70లో యెరూషలేమును కూల్చాక అక్కడ దిగిన రోమను పదో దళం చిహ్నాల్లో అడవిపంది ఒకటి. రబ్బీలు, అంటే యూదు మతగురువులు, రోమును పందితో పోల్చారు. పంది పడుకున్నప్పుడు కాళ్లు ముందుకు చాపి, "చూడండి, నా డెక్క చీలింది, నేను పవిత్రమే" అంటుందట. రోమూ అంతే, చేసేది దోపిడీ, పైకి మాత్రం న్యాయపీఠం. ఆ గురువుల చర్చల గ్రంథం తాల్మూదులో అయితే చాలాచోట్ల దాని పేరే ఎత్తరు, "ఇంకో వస్తువు" అంటారు.

మీ వ్యాసానికీ డెక్కలు బాగానే ఉన్నాయి. రంగుల బొమ్మ, లావు అక్షరాలు. నెమరే లేదు. వెనక మీ పత్రికలోనే ప్రూఫులు దిద్దేవారు అచ్చుతప్పు పడితే మర్నాడు సవరణ వేసేవారు. మూలం చూడ్డానికి మీ వాళ్లు ఇజ్రాయెల్ దాకా పోనక్కర్లేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదుల చిన్న ప్రార్థనా మందిరం ఉంది. ఎర్రబస్సు ఎక్కితే చాలు. "ప్రపంచమంతా పందిని అసహ్యించుకుంటుంది" అని ముగించడం మరీ విడ్డూరం. తిరుమలలో తొలి నైవేద్యం వరాహస్వామికి, పాతకాలం నాణేనికి వరహా అని పేరు. మనం ప్రపంచంలో లేమా?

డెక్కలు చాపడంలో మా పురపాలక అధికారులు మీకంటే నాలుగాకులు ఎక్కువే చదివారు. మా వీధి మొగలో "స్వచ్ఛ పట్టణం" అని ఆకుపచ్చ బోర్డు పాతారు. దాని నీడలో, పగిలిన కాలువ పక్కన, రోజూ పొద్దున్నే తొమ్మిది పందులు పడుకుంటాయి. బడిపిల్లలు వాటిని దాటుకుని పోవాలి. ఫిర్యాదు చేస్తే ఒక అధికారి యజమాని ఎవరో తెలుసుకుని రమ్మన్నారు. పందుల్నే అడగమంటారా? దీని మీద మీకు నాలుగు లేఖలు రాశాను, ఒక్కటీ వేయలేదు. మూడు వేల ఏళ్ల నాటి పందికి పేజీన్నర, మా వీధి పందులకు మూడు వరుసలకు చోటు లేదు.

సవరణ వేస్తే ఆ ఆదివారం పేజీలోనే వేయండి, టెండర్ల ప్రకటనల కింద చీమ తలకాయంత అక్షరాల్లో వద్దు. ఆ నాలుగు లేఖల నకళ్లు దీంతో జతపరుస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు